మూత తీయని బూరల డాక్టరు

మా ఆయన్ని వీధిలో అందరూ బూరల డాక్టరంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు కానీ, తనే పెట్టుకుని జనం మీదికి వదిలి ఉంటాడని నా అనుమానం. నన్ను కాంపౌండరమ్మ అంటారు. ఈ పేరు మాత్రం నేను పెట్టుకోలేదు, నాకు అక్కర్లేదు కూడా. ఇరవై రెండేళ్ళుగా కొట్లో ముందు బల్ల దగ్గర నిలబడి రోగుల గోడు వినేది నేను, చీటీ రాసేది నేను, మందు చెప్పేది నేను. లోపలి గదిలో తెర వెనక కూర్చుని టీ తాగేది డాక్టరు.

రోగులంటే ఇత్తడి బూరలు ఊదేవాళ్ళు. ట్రంపెట్లు వస్తాయి, ట్రాంబోన్లు వస్తాయి, కానీ మా కొట్టు నడిచేది ఫ్రెంచ్ హార్నుల మీద. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. పన్నెండు అడుగుల ఇత్తడి గొట్టాన్ని చుట్ట చుట్టి, ఒక కొసన చిన్న మౌత్‌పీసు, రెండో కొసన పెద్ద గరాటు పెడితే అదే హార్ను. మౌత్‌పీసుకి పెదవులు ఆనించి ఊదాలి. ఎడమచేతి వేళ్ళతో మీటలు నొక్కాలి. కుడిచెయ్యి మాత్రం గరాటు లోపల పెట్టి ఉంచాలి, స్వరం గుండ్రంగా రావడానికి. ఆ చెయ్యి కాస్త ఎక్కువ లోపలికి పోయిందా, దుప్పటి కింద నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇంత పెంకి వాయిద్యాన్ని మనిషి ఏ తిక్కలో కనిపెట్టాడో నాకిప్పటికీ అర్థం కాదు.

మా ఆయన పుట్టుకతో బూరలవాడేం కాదు. పెళ్ళినాటికి కుళాయిల మేస్త్రి. ఒక సంగీతం టీచరు ఇంట్లో కారుతున్న కుళాయి బాగుచేయడానికి వెళ్ళి, మూల పడేసి ఉన్న సొట్టల హార్ను చూసి, గొట్టం ఏదైనా గొట్టమేగా అని దాన్నీ బాగుచేసి వచ్చాడు. టీచరు నలుగురికి చెప్పింది. ఆ నలుగురూ మరో నలుగురికి చెప్పారు. ఏడాది తిరిగేసరికి ఈయన కుళాయిలు వదిలేసి బూరల కొట్టు పెట్టాడు. మా వంటింటి కుళాయి ఆ రోజు నుంచి ఈ రోజు దాకా కారుతూనే ఉంది, అది వేరే సంగతి.

మొదటి రెండేళ్ళూ నిజాయితీగా పనిచేశాడు. అందుకే కొట్టు మూతపడే దాకా వచ్చింది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, హార్ను పలకడం లేదని. ఈయన అంతా విప్పి, కడిగి, వెతికి, ఏ జబ్బూ కనబడక, "హార్ను బాగానే ఉందండీ, తేడా మీ ఊదడంలో ఉంది," అని మొహం మీదే చెప్పేవాడు. ఆ మాట అనిపించుకోవడానికి ఎవరైనా పనిగట్టుకుని వస్తారా? ఒకాయన హార్ను తీసుకుని పెట్టె మా దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాడు, అంత కోపం వచ్చింది. ఇంకొకావిడ, ఈ కొట్టుకి వెళ్తే హార్ను బాగవదు, పైగా మనకి జబ్బు అంటగడతారని ఊరంతా చాటింది.

మా అదృష్టం బద్ధకం రూపంలో వచ్చింది. ఒక పెద్దమనిషి హార్ను ఇచ్చి వెళ్ళాక మేం మా చెల్లెలి ఇంటికి వెళ్ళి వారం ఉండిపోయాం. తిరిగి వచ్చి తలుపు తీస్తే ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. హార్ను పెట్టెలోంచి బయటికి కూడా తీయలేదు. మా ఆయన తల గోక్కుని, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "గరాటు లోపల కొత్త పూత వేశానండీ. ఆరడానికి నెల పడుతుంది. అందాకా అరచెయ్యి తగలనివ్వకండి. వేళ్ళ వెనక భాగం మాత్రం గోడకి ఆనించి పట్టుకోండి," అన్నాడు. ఆయన హార్ను ఇచ్చిన రోజున ఊదగా విన్నాడు కదా, చెయ్యి గరాటుని బిరడాలా మూసేస్తోందని ఈయనకి తెలుసు. నాలుగో రోజు ఆ పెద్దమనిషి వచ్చి మా ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. ఎంత పనివాడివయ్యా, కొత్త హార్ను కొన్నట్టుంది అన్నాడు. నెల తిరిగేసరికి లేని పూత ఆరింది, చెయ్యి సరైన చోట స్థిరపడింది.

ఇంకేముంది, డాక్టరుగారికి దారి దొరికింది. అప్పటి నుంచి మా పద్ధతి ఇదీ. హార్ను తెచ్చినవాళ్ళని నేను బల్ల దగ్గరే ఒకసారి ఊదమంటాను. ఎలా ఉందో చీటీలో రాసుకోవాలంటాను. తెర వెనక ఆయన కళ్ళు మూసుకుని విని, బల్ల మీద వేలితో తడతాడు. ఒక దెబ్బ అంటే చెయ్యి మరీ లోపలికి దూరుతోందని. రెండు అంటే మౌత్‌పీసుని మూతికేసి అదిమేస్తున్నారని. మూడు అంటే ఊపిరి గొంతులోంచే వస్తోంది, పొట్టలోంచి రావడం లేదని. నాలుగు అంటే నిజంగానే హార్నుకి జబ్బని. నాలుగు దెబ్బలు ఏడాదికి పదిసార్లు వింటే ఎక్కువ. ఆ చప్పుడేమిటని ఎవరైనా అడిగితే లోపల పని నడుస్తోందంటాను.

తర్వాత హార్ను మూడు రోజులు అలమరలో పడుకుంటుంది. నాలుగో రోజు మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడిచి, మందు చెప్పి ఇచ్చేస్తాం. ఒక దెబ్బకి మందు ఆ పూత కథే. రెండు దెబ్బలకి, "మౌత్‌పీసు దగ్గర గొట్టం సరిచేశామండీ, ఇంకా లేతగా ఉంది, అదిమితే వంగిపోతుంది." మూడు దెబ్బలకి, "లోపల కొత్త నూనె వేశాం, చల్లగాలి తగిలితే గడ్డకడుతుంది. అద్దం మీద ఆవిరి పట్టించినట్టు వెచ్చగా, కడుపులోంచి ఊదండి." గొట్టంలో తడి చేరి హార్ను గుడగుడలాడే వాళ్ళకి మాత్రం నేనే, మధ్యమధ్యలో హార్నుని స్టీరింగులా తిప్పి నీళ్ళు వంచుకోమంటాను. అందులో అబద్ధం ఏమీ లేదు కాబట్టి మా ఆయన దాన్ని వైద్యం కింద లెక్కవేయడు.

ఇది మోసం కాదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. "ఎవరి స్వరమైనా చెడిందటే? అందరిదీ బాగైందిగా," అన్నాడు. నిజంగానే అందరిదీ బాగైంది. అందుకే ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా పుట్టింటివాళ్ళని అడగండి.

అలా సాఫీగా సాగుతుండగా కళ్ళద్దాల అమ్మాయి వచ్చింది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆ పిల్లది. ఇరవయ్యారేళ్ళుంటాయి. నన్ను పిన్నీ అని, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. పగలంతా అద్దాల పొడి మింగి, సాయంత్రం ఊరి ఆర్కెస్ట్రాలో హార్ను ఊదుతుంది. ఆ హార్ను కూడా మా కొట్లో కొన్న పాతదే. మా ఆయనే విప్పి, కడిగి, సర్ది ఇచ్చాడు.

ఆర్కెస్ట్రాలో రెండో హార్ను కుర్చీ ఏడాదిగా ఆ అమ్మాయి చేతిలో తాత్కాలికంగా ఉంది. నెలాఖరు శనివారం పరీక్ష. నెగ్గితే కుర్చీ తనది, లేకపోతే ఇంటికి. పరీక్ష పెట్టేది ఆర్కెస్ట్రాని నడిపించే పెద్దాయన. చేతిలో సన్నటి కర్ర ఊపుతుంటాడు కాబట్టి అందరూ కర్ర మాస్టారంటారు. ఆయన దగ్గర నల్ల అట్ట పుస్తకం ఒకటుంటుంది. ఎవరు ఏ రోజు తప్పు ఊదారో అందులో రాసుకుంటాడు.

నెల మొదట్లో ఆ అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పిన్నీ, స్వరం మూసుకుపోతోంది. పక్కనున్న మొదటి హార్ను ఆయన, నువ్వు ఊదుతున్నావా దగ్గుతున్నావా అంటున్నారు. మాస్టారు పుస్తకంలో రాసేశారు."

ఊదమన్నాను. ఊదింది. తెర వెనక ఒక దెబ్బ వినిపించింది. మూడు రోజుల తర్వాత పూత కథ చెప్పి పంపాను. వారం తిరగకుండా మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు దెబ్బలు. లేత గొట్టం కథ చెప్పాను. మూడోసారి మూడు దెబ్బలు. నూనె గడ్డకట్టే కథ చెప్పాను. నా కథలన్నీ అయిపోయాయి. ఆ పిల్ల చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. స్వరం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మాస్టారి పుస్తకంలో మూడు గీతలు పడ్డాయి.

"ఏమండీ, ఒకసారి విప్పి చూడకూడదూ?" అన్నాను.

"అక్కర్లేదే. ఆ హార్నులో ప్రతి ముక్కా నా చేత్తో బిగించింది. నా పని పదేళ్ళు కదలదు. ఆ పిల్లకి భయం, అంతే."

ఈయన పనిమీద ఈయనకున్న నమ్మకం చూస్తే మా వంటింటి కుళాయి కూడా నవ్వుకుంటుంది.

పరీక్ష ఇంకో రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, మా ఆయన బడి బ్యాండువాళ్ళ డ్రమ్ములు చూడటానికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి వచ్చి హార్ను పెట్టె బల్లమీద పెట్టింది.

"పిన్నీ, దీన్ని అమ్మిపెట్టండి."

"అదేమిటే తల్లీ? శనివారం పరీక్ష కదా?"

"వెళ్ళడం లేదు. బాబాయ్ చేతిలో మూడుసార్లు పడ్డాక కూడా పలకలేదంటే తప్పు హార్నుది కాదు కదా. నాదే. నా మూతికి ఇది రాసిపెట్టి లేదు."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఓదార్చేదాన్ని. అంత మామూలుగా అనేసింది. ఈ మాట ఆ పిల్ల నోట పలికించింది నేనే, బల్ల దగ్గర నిలబడి మూడుసార్లు. ఏం చేయాలో తోచక, అలమరలోంచి వేరే ఎవరిదో హార్ను తీసి చేతిలో పెట్టాను. "పోయేముందు ఇదొకసారి ఊది పో," అన్నాను.

ఊదింది. నాకు సంగీతం రాదు. కానీ అలమర అద్దాలు సన్నగా మోగాయి. ఎదురు దుకాణం కుట్టుమిషనాయన తల బయట పెట్టి చూశాడు. ఆ అమ్మాయి ఊదడం ఆపి, ఇది మంచి హార్ను కాబట్టి అలా ఉంది అనుకుంది పాపం. నేను మాత్రం అలా అనుకోలేదు. ఆ హార్ను మూడు రోజులుగా మా అలమరలో పడుకుని ఉన్న రోగి.

సాయంత్రం రమ్మని ఆ పిల్లని పంపేసి, తన హార్ను తీసి, మీటల వెనకున్న మూతలు ఒక్కొక్కటే విప్పాను. మూత తీస్తే లోపల తిరిగే ఇరుసు మీద ఒక గీత, దాని చుట్టూ ఉన్న పళ్ళెం మీద ఒక గీత ఉంటాయి. రెండూ ఎదురెదురుగా కలవాలి. కలిస్తే లోపలి దారులు తెరుచుకుని గాలి నేరుగా పోతుంది. కలవకపోతే సగం మూసిన తలుపులోంచి దూరినట్టు పోతుంది. ఇరుసు సరైన చోట ఆగడానికి అడ్డుగా చిన్న బెండు ముక్క పెడతారు. మొదటి మూత కింద గీతలు కలిశాయి. మూడో దాంట్లోనూ కలిశాయి. మధ్యదాంట్లో గోరు మందం తేడా ఉంది. బెండు నలిగిపోయింది.

మా ఆయన వచ్చేసరికి హార్ను బల్ల మీద మూతలు లేకుండా ఉంది, నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన గీతల వంక చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నేను పెట్టిన బెండే," అన్నాడు.

"పదేళ్ళు కదలనిదా?"

లేచి పనిముట్లు తెచ్చుకున్నాడు. కొత్త బెండు కోసి, అతికించి, బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కి, గీతలు కలిపేసరికి పావుగంట కూడా పట్టలేదు. పావుగంట పని కోసం ఆ పిల్ల మూడు వారాలు కుమిలిపోయింది.

"ఇప్పుడేం చెబుతారు?" అన్నాను.

"నిన్నోమొన్నో అరిగిందని చెబుదాం. మొదటి నుంచీ ఇదేనంటే, మరి మూడుసార్లు ఏం చేశావని అడుగుతుంది. తర్వాత అందరూ అడుగుతారు."

నేను నాలుగు తిట్టి ఉండాల్సింది. తిట్టలేదు. ఆ మూడుసార్లు కథలు చెప్పిన నోరు నాదే కదా, నాకూ భయం వేసింది. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి ఊదింది. స్వరం గుండ్రంగా గదంతా నిండింది. అప్పుడేడ్చింది.

"బెండు అరిగిందమ్మా. ఈ మధ్యే," అన్నాడు మా ఆయన, గోడ కేసి చూస్తూ.

"అయితే నా మూతి బాగానే ఉందా పిన్నీ?"

"నీ మూతికేం తల్లీ, బంగారంలా ఉంది," అన్నాను.

శనివారం ఆర్కెస్ట్రా హాలుకి మేమిద్దరం వెళ్ళాం. పరీక్ష రోజుల్లో ఏదైనా మీట బిగుసుకుంటే చూడటానికి మా ఆయన్ని పిలుస్తారు. నేను సంచీ మోయడానికన్న వంకతో వెళ్ళాను. మెట్లెక్కితే పెద్ద గది, అరవై కుర్చీలు, ఒక మూల విరిగిన పియానో. మాస్టారు, మొదటి హార్ను ఆయన ఎదురుగా కూర్చున్నారు. మొదటి హార్ను ఆయన మా పాత రోగే. మమ్మల్ని చూసి దర్జాగా తల ఊపాడు.

ఆ అమ్మాయి ఊదింది. ఎంత బాగా ఊదిందంటే, అయిపోయాక మాస్టారు కర్ర కింద పెట్టేశాడు. నా పక్కన మా ఆయన ఊపిరి వదిలాడు. కానీ మాస్టారు నల్ల అట్ట పుస్తకం తెరిచాడు.

"బాగుందమ్మా. అదే నా బాధ. ఈ నెలలో మూడు కచేరీల్లో పీక నొక్కినట్టు ఊదావు. ఇవాళ ఇలా. రేపు ఎలా ఊదుతావో నాకేం తెలుసు? నిలకడ లేని మనిషికి కుర్చీ ఎలా ఇవ్వను?"

"అప్పుడు హార్ను బాగాలేదండీ. లోపల బెండు అరిగింది. ఇప్పుడు వేయించాను."

మొదటి హార్ను ఆయన నవ్వాడు. "ఈ నెలలో మూడుసార్లు డాక్టరుగారికి ఇచ్చావు. నీ పెట్టెకి వాళ్ళు కట్టిన చీటీలు నేనే చూశాను. ఆయన మూడుసార్లు విప్పి చూసి బెండు అరిగిన సంగతి కనిపెట్టలేదంటావా? చెప్పేది నమ్మేలా ఉండాలమ్మాయ్."

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. నిజం చెప్పి అబద్ధాలకోరులా నిలబడింది. మా ఆయన పేరే దానికి అడ్డం పడింది. మా వైపు తిరిగి చూసింది. మాస్టారు పుస్తకం మూయబోతున్నాడు. మూస్తే అయిపోయినట్టే. నేను నోరు తెరిచేలోపు నా పక్క కుర్చీ కిర్రుమంది.

"నేను మూత తీయలేదండీ," అన్నాడు మా ఆయన.

"ఎప్పుడు?"

"మూడుసార్లూ. ఆ బెండు మొదటి నుంచీ నలిగే ఉంది. ఆ అమ్మాయి తప్పు ఒక్కటీ లేదు."

మాస్టారు కళ్ళజోడు తీశాడు. "మూత తీయకుండా మూడుసార్లు ఏం చేశారండీ?"

"తుడిచాను."

మొదటి హార్ను ఆయన కుర్చీలోంచి మెల్లగా ముందుకి వంగాడు.

"ఆగండాగండి. మరి నాది? ఆరుసార్లు ఇచ్చాను కదా."

మా ఆయన దగ్గరున్న ధైర్యం అంతవరకే సరిపోయింది. నా వైపు చూశాడు. రోగులతో మాట్లాడే పని నాదాయె.

"మీదీ తుడిచామండీ," అన్నాను.

"ఆరుసార్లూనా?"

"ఆరుసార్లూ. బాగా తుడిచాం."

"కానీ బాగైంది కదమ్మా."

"బాగైంది మీరండీ. హార్ను కాదు."

ఆయన కుడిచేతిని పైకెత్తి, కొత్తగా కొన్న వస్తువుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కోప్పడదామనుకున్నాడు కానీ, మాస్టారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. నవ్వడం అయ్యాక మాస్టారు ఆ మూడు గీతలూ కొట్టేశాడు.

"రెండో కుర్చీ నీదమ్మా. ఇప్పుడే వచ్చి కూర్చో, రిహార్సల్ ఉంది," అన్నాడు.

ఆ అమ్మాయి వెంటనే కూర్చోలేదు. మేం బయటికి జారుకుంటుంటే మెట్ల దగ్గర పట్టుకుంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఈ మధ్యే అరిగిందన్నారు బాబాయ్. మూడు వారాలు అద్దం ముందు నిలబడి నా మూతి చూసుకుని ఏడ్చాను. ఇంక ఊదనని మా అమ్మతో కూడా చెప్పేశాను."

"తప్పైపోయిందమ్మా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఈయన ఆ మాట అనగా నేను వినడం అదే. నాకైతే ఇప్పటికీ అనలేదు.

"పిన్నీ, మీకూ తెలుసా?"

"తెలుసు తల్లీ. నేనూ చెప్పలేదు."

ఆ పిల్ల హార్ను మా ఆయన ఒళ్ళో పెట్టింది. "మూతలు తీయండి. నా ముందు తీయండి."

మెట్ల మీదే కూర్చుని తీశాడు, ఒక్కొక్కటే. ఆ అమ్మాయి దుకాణంలో అద్దాలు చూసినట్టు కన్ను దగ్గరగా పెట్టి, తొందర లేకుండా మూడూ చూసింది. మేమిద్దరం పరీక్ష రాసిన పిల్లల్లా నిలబడ్డాం.

"కలిశాయి. వచ్చే నెల మళ్ళీ తెస్తాను. ఏ జబ్బూ లేకపోయినా తెస్తాను," అంది. మూతలు బిగించాక హార్ను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి లోపల రెండు హార్నులూ కలిసి మొదలయ్యాయి. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"చెయ్యి కాస్త లోపలికి పోతోందే."

"ఎవరిది?"

"ఇద్దరిదీ."

"అయితే ఇక్కడ కూర్చుని నాకెందుకు చెప్పడం? వెళ్ళి వాళ్ళకే చెప్పండి."

లేచి, చొక్కా సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.